ఏసీ వేయగానే కారు ఎందుకు వణుకుతుంది: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమందరం క్షేమం. వేసవి సెలవుల్లో గుంటూరు నుంచి విజయవాడ వెళ్తూ కాజ టోల్‌గేటు వరుసలో ఆగినప్పుడు, మన కారు స్టీరింగు, సీట్లు, వెనక అద్దం అన్నీ వణకడం మీరు గమనించారు. ఏసీ ఆపితే వణుకు తగ్గింది, వేస్తే మళ్ళీ మొదలైంది. ‘ఏసీ పాడైందా తాతయ్యా?’ అని మీరడిగితే అప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ మూడు నెలల్లో ఆ సంగతి తేలింది. మీలో ఇద్దరు ఈ ఏడే లైసెన్సు తీసుకున్నారు కనుక, నేను తెలుసుకున్నదంతా వివరంగా రాస్తున్నాను.

మనలాంటి పెట్రోలు కార్లలో ఏసీ కంప్రెసర్‌కు సొంత మోటారు ఉండదు. ఇంజన్ ముందు భాగంలో తిరిగే బెల్టే దాన్ని తిప్పుతుంది. మీరు బటన్ నొక్కేదాకా కంప్రెసర్ ముందున్న పుల్లీ ఒక్కటే ఊరికే తిరుగుతూ ఉంటుంది. నొక్కగానే దాని వెనక ఉన్న కాయిల్ కరెంటుతో అయస్కాంతంగా మారి, ఎదురుగా ఉన్న ఇనుప పలకను పుల్లీకి అతుక్కునేలా లాగుతుంది. బానెట్ కింద నుంచి ‘టక్’మని వినిపించే చప్పుడు అదే. ఆ క్షణం నుంచి ఇంజన్ మీద రెండు మూడు హార్స్‌పవర్ల అదనపు భారం పడుతుంది. రోడ్డు మీద 60, 70 హార్స్‌పవర్ ఇవ్వగల ఇంజనుకు ఇది లెక్కలోకి రాదు. కాని ఐడ్లింగులో, అంటే కారు నిలిచి ఉండగా ఖాళీగా తిరిగేటప్పుడు, ఇంజన్ తాను ఆగిపోకుండా ఉండడానికి సరిపడేంత గాలి, పెట్రోలు మాత్రమే తీసుకుంటూ ఉంటుంది కనుక, అప్పుడు ఆ భారం చాలా పెద్దదే. అందువల్ల ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, మెకానిక్‌ల మాటలో ఈసీయూ, ఏసీ వేశారని తెలియగానే ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్‌ను కాస్త తెరిచి, వేగాన్ని కొంచెం పెంచి, ఇంజన్‌ను ఆ భారానికి సిద్ధం చేస్తుంది.

కొంత వణుకు సహజమేనన్న సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. మన కారుది మూడు సిలిండర్ల ఇంజన్. నిమిషానికి 800 చుట్లు తిరిగేటప్పుడు అందులో సెకనుకు 20 సార్లు మాత్రమే పెట్రోలు మండుతుంది. అదే వేగంలో నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో దాదాపు 27 సార్లు మండుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎక్కువైనకొద్దీ ఆ కుదుపు మన ఒంటికి ఎక్కువగా తెలుస్తుంది. కాబట్టి మీ మిత్రుల పెద్ద కారుతో మన కారును పోల్చవద్దు. నిరుటి మన కారుతోనే పోల్చండి.

అసలు విషయం ఇది. ఏసీ వేసినప్పుడు వణుకు వచ్చిందంటే తప్పు ఏసీదే కానక్కరలేదు. జ్వరం వచ్చి తగ్గిన మనిషి ఇంట్లో మామూలుగానే తిరుగుతాడు, బిందెడు నీళ్ళు ఎత్తగానే కాళ్ళు వణుకుతాయి. నీరసం బిందెలో లేదు. ఇంజన్‌లో ఎప్పటినుంచో ఉన్న చిన్న లోపాన్ని ఏసీ భారం బయటపెడుతుంది, చాలాసార్లు జరిగేది ఇదే. నీరసం ఎక్కడుందో, బిందె నిజంగానే బరువెక్కిందో విడదీసి చూడడమే మీరు నేర్చుకోవలసిన పని.

ఇందుకు మొదటి పరీక్షకు పనిముట్లేవీ అవసరం లేదు. కారును ఆరుబయట నిలిపి, ఇంజన్ బాగా వేడెక్కిన తరువాత, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లును చూడండి. ఏసీ లేకుండా ఎంత ఉందో కాగితం మీద రాసుకోండి. తరువాత ఏసీ వేసి, ‘టక్’ శబ్దం వినిపించిన క్షణంలో ముల్లు ఏం చేస్తుందో గమనించండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో ముల్లు ఒక్కసారి కొద్దిగా తొణికి, వెంటనే మునుపటి కంటే కాస్త పైన నిలుస్తుంది. మన కారులో 800 దగ్గరున్న ముల్లు 600 దాకా పడి, తడబడుతూ 700 దగ్గర ఆగింది. అంటే భారం వచ్చిందని ఈసీయూకు తెలిసినా ఇంజన్ పుంజుకోలేకపోతోంది. ఆ తరువాత యాక్సిలరేటర్ మెల్లగా తొక్కి 1500 దగ్గర పట్టి ఉంచండి. వణుకు పూర్తిగా పోతే లోపం ఐడ్లింగుకు సంబంధించినదని అనుమానించాలి. వేగంతోపాటు వణుకు, మోత కూడా పెరుగుతూ ఉంటే కంప్రెసర్ బేరింగునో, బెల్టు దారిలోని పుల్లీలనో చూడాలి.

నేను ఈ పరీక్ష ముందే చేసి ఉంటే కొంత డబ్బు మిగిలేది. మీరు వెళ్ళిన వారానికి కారును ఒక షెడ్డుకు తీసుకువెళ్ళాను. అక్కడివారు రెండు నిమిషాలు విని, ఇంజన్ మౌంటింగ్‌లు, అంటే ఇంజన్‌ను కారుకు పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు, పోయాయని చెప్పి మూడింటినీ మార్చారు. పాతవాటి రబ్బరు పగిలి ఉన్న మాట నిజమే. పది రోజులు హాయిగా నడిచింది, తరువాత వణుకు మళ్ళీ తలెత్తింది. అదే షెడ్డుకు మళ్ళీ వెళ్తే ఈసారి కంప్రెసర్ మార్చమన్నారు. అప్పుడు నాకు అర్థమైన సంగతిని మీరూ గట్టిగా గుర్తుపెట్టుకోండి: మౌంటింగ్ వణుకును పుట్టించదు, ఇంజన్‌లో పుట్టిన వణుకును మన దాకా రానివ్వకుండా అడ్డుకుంటుంది. కొత్త రబ్బరు వేస్తే వణుకు మనకు తెలియడం తగ్గుతుంది, పుట్టడం ఆగదు.

రెండో షెడ్డులోని మెకానిక్ వయసులో చాలా చిన్నవాడు. ఏదీ విప్పకముందే అరగంటసేపు ఇంజన్‌ను ఏసీతోనూ ఏసీ లేకుండానూ నడిపి చూశాడు. సైలెన్సర్ గొట్టానికి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి, నన్నూ పెట్టమన్నాడు. ఏసీ లేనప్పుడు పొగ ఒకే తీరున చేతికి తగిలింది. ఏసీ వేయగానే మధ్య మధ్య ఒక దెబ్బ తప్పిపోవడం నాకే తెలిసింది. 800 చుట్ల వేగంలో ఒక్కో సిలిండర్ సెకనుకు ఆరేడు సార్లు మండాలి. భారం పడినప్పుడు ఒక సిలిండర్ సరిగా మండకపోతే, సీటులో కూర్చున్నవారికి సెకనుకు ఆరేడు కుదుపులు విడివిడిగా తెలుస్తాయి. ఈసీయూ గుర్తించిన లోపాలను చదివే స్కానర్ పెడితే పీ 0302 అనే కోడ్ వచ్చింది; రెండో సిలిండర్ మిస్ అవుతోందని దాని అర్థం. ఆ సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ విప్పి చూపించాడు. దాని కొన అరిగి గుండ్రబడింది, గ్యాపు ఉండవలసినదాని కంటే బాగా పెరిగింది. ఖాళీగా తిరిగేటప్పుడు ఆ ఎడాన్ని దూకగలిగిన నిప్పురవ్వ, సిలిండర్‌లో ఒత్తిడి పెరిగేసరికి దూకలేకపోతోంది.

తరువాత గాలి గొట్టం తీసి థ్రాటిల్ చూపించాడు. మన కారులో ఐడ్లింగులో ఇంజన్‌కు కావలసిన గాలి అంతా థ్రాటిల్ పలక అంచు చుట్టూ ఉన్న సన్నని సందులోంచే వెళ్ళాలి. ఆ అంచు పొడవునా కాటుకలా నల్లని జిడ్డు పేరుకొని ఉంది. తెల్లని గుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడింది. ఇలా సందు పూడుకొనిపోతే, భారం వచ్చిన క్షణంలో అవసరమైన గాలి సమయానికి అందదు. ప్లగ్‌లు మూడూ మార్చి, థ్రాటిల్ శుభ్రం చేసి, ఈసీయూకు కొత్త ఐడ్లింగును మళ్ళీ నేర్పించిన తరువాత, ఏసీ వేస్తే ముల్లు ఒకసారి తొణికి 900 దగ్గర నిలిచింది. ఆ మౌంటింగ్‌ల ఖర్చులో సగం కూడా కాలేదు.

కొన్ని కార్లలో నిజంగానే బిందె బరువెక్కుతుంది. అలాంటప్పుడు ముందు చూడవలసింది రేడియేటర్ దగ్గరున్న ఫ్యాను. చాలా కార్లలో కంప్రెసర్ పట్టగానే ఆ ఫ్యాను తిరగాలి. అది తిరగకపోయినా, ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే కండెన్సర్ రెక్కల మధ్య దుమ్ము, పురుగులు పేరుకున్నా, గ్యాస్‌లోని వేడి బయటికి పోక లోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఎదురుగా నెట్టడానికి కంప్రెసర్‌కు, దాన్ని తిప్పడానికి ఇంజన్‌కు మరింత కష్టం. హైవే మీద ఎదురుగాలి ఆ పని చేస్తుంది కనుక కూలింగ్ బాగుంటుంది, సిగ్నల్ దగ్గర ఆగగానే కూలింగ్ తగ్గి వణుకు మొదలవుతుంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే ముందు ఫ్యానునే అనుమానించండి. ఫ్యాను రెక్క ఒకటి విరిగినా వణుకు వస్తుంది, అది ఇంజన్ వణుకులాగే అనిపిస్తుంది.

గ్యాస్ ఎక్కువైనా ఇంతే. కూలింగ్ పెరుగుతుందనుకొని అడిగి మరీ ఎక్కువ నింపించుకునేవారిని చూశాను. ఎంత గ్యాస్ పట్టాలో బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాములలో అచ్చువేసి ఉంటుంది. పాత గ్యాస్ తీసివేసి అంతే తూచి నింపాలి. ఏసీకి గ్యాస్ నింపించిన మరునాటి నుంచే వణుకు మొదలైతే ముందు ఆ గ్యాస్‌నే అనుమానించండి.

మౌంటింగ్‌లను చూడడం తేలికే. ముందున్న గోడను గుద్దనంత ఖాళీ ఉన్నచోట, పెద్దవారు బ్రేకు గట్టిగా తొక్కి, గేరు వేసి, క్లచ్‌ను కొద్దిగా వదిలితే, ఇంజన్ ఎంత పైకి లేస్తోందో పక్క నుంచి కనిపిస్తుంది. కాస్త ఒరగడం మామూలే, ఎగిరిపడడం కాదు. ఆ సమయంలో కారుకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. బానెట్ ఎత్తినప్పుడు చున్నీలు, వదులు చేతులు, జడలు బెల్టుకు దూరంగా ఉంచుకోండి. ఇంజన్ ఆపిన తరువాత కూడా ఆ ఫ్యాను తనంతట తాను తిరగగలదు. మూసిన గ్యారేజీలో మాత్రం ఈ పరీక్షలేవీ చేయవద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

హైదరాబాదులో మీ నాన్న కారు కూడా ఈమధ్య సిగ్నళ్ళ దగ్గర వణుకుతోందని అమ్మమ్మకు ఫోన్‌లో చెప్పారట. షెడ్డుకు తీసుకువెళ్ళకముందే ఒక సాయంత్రం నాన్నను పక్కన కూర్చోబెట్టుకొని, ఏసీ లేనప్పుడు ముల్లు ఎక్కడుందో, వేసిన క్షణంలో ఎంత పడిందో, చివరికి ఎక్కడ నిలిచిందో, ఫ్యాను తిరిగిందో లేదో నాకు రాసి పంపండి.

మీ తాతయ్య