బైబిల్ చదవడం, శిష్యత్వం: మా సిక్కోలు (శ్రీకాకుళం) వైపు వినిపించే అపోహలు, అసలు సంగతులు

మా ఉత్తరాంధ్రకి బైబిల్ కొత్త పుస్తకం కాదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు విశాఖపట్నంలో దిగి, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలను తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టారు. 1818 నాటికి కొత్త నిబంధన మొత్తం తెలుగులో అచ్చయింది. తర్వాత కెనడా బాప్టిస్టులు బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం, టెక్కలి వైపు పనిచేశారు. ఇన్ని తరాలుగా పుస్తకం మన ఇళ్లలో ఉంది. దాన్ని ఎలా చదవాలన్న దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు.

నేను నరసన్నపేట, పలాస వైపు ఇళ్లలో బైబిల్ స్టడీ నడుపుతుంటాను. ఎక్కువగా ఆడవాళ్లు వస్తారు. నేను సంఘ కాపరిని కాదు, వేదాంత కళాశాలలో చదవలేదు. కింద రాసినవి ఆ కూటాల్లో పదే పదే వినే మాటలు.

అపోహ: "ఈ ఏడాదికి నా వాగ్దానం ఇదే. దేవుడు నాకోసమే ఇచ్చాడు."

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక పళ్లెంలో చీటీలు పెడతారు. ఒక్కొక్కరు ఒకటి తీసుకుంటారు. యిర్మీయా 29:11 వచ్చిందంటే ఇక ఆ ఇంట్లో పండగే. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట బీరువా తలుపు మీదకి, ఆటో అద్దం మీదకి ఎక్కుతుంది. వీసా వస్తుంది, డీఎస్సీ వస్తుంది, సంబంధం కుదురుతుంది అని ఎవరికి కావాల్సిన అర్థం వాళ్లు తీసుకుంటారు.

చీటీ తీయడంలో తప్పేమీ లేదు. కానీ ఆ వాక్యం ఒక ఉత్తరంలోది. యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా పోయినవాళ్లకి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది. దానికి ముందు, 28వ అధ్యాయంలో, హనన్యా అనే ప్రవక్త కనిపిస్తాడు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని అతను చెప్పాడు. జనానికి నచ్చే మాట. యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్లు అన్నాడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది సొంత ఊరి మొహం మళ్లీ చూడరు. అందుకే ముందు వేరే సంగతులు రాశాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని తీసుకుపోయిన ఆ పట్టణం బాగుండాలని ప్రార్థించండి అన్నాడు. ఇవన్నీ అయ్యాకే 11వ వచనం వస్తుంది.

ఈ అధ్యాయం మన జిల్లావాళ్లకి అర్థమైనంత బాగా ఇంకెవరికి అర్థమవుతుంది? మన తీరంలో మగవాళ్లు ఆగస్టులో గుజరాత్‌లోని వెరావల్‌కి వేటకి పోతే, మళ్లీ రావడం ఎండాకాలానికే. 2018 నవంబర్‌లో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు. వాళ్లలో ఎక్కువమంది విడుదలై వచ్చింది 2020 జనవరిలో. ఆ ఏడాదిపైన కాలంలో "వచ్చే నెల వచ్చేస్తార్లే" అన్న మాట ఒక ఇంటిని ఎంత నమ్మించగలదో, ఎంత కుంగదీయగలదో మనకి తెలుసు. హనన్యా చెప్పింది అలాంటి మాటే.

ఓసారి ఈ అధ్యాయం మొత్తం చదివాక, భర్త చెన్నైలో బిల్డింగ్ పనిలో ఉన్న ఒకామె అడిగింది: "అయితే అక్కా, ఉన్నకాడ బాగా బతకమనే కదా దేవుడు సెప్పింది?" అవును. ఆమె పట్టుకున్న అర్థం ఏ చీటీలోనూ దొరకదు. 11వ వచనంలోని నిరీక్షణ అబద్ధం కాదు. అది మనం అనుకున్న గడువుకి కట్టుబడదు, అంతే.

కాబట్టి చీటీ వస్తే ఆ అధ్యాయం మొత్తం చదవండి. దాని ముందుది, తర్వాతది కూడా చదవండి. ఎవరు, ఎవరికి, ఏ పరిస్థితిలో చెప్పారో చూడండి. అధ్యాయాల అంకెలు 13వ శతాబ్దంలో పెట్టినవి. కొత్త నిబంధనకి ఇప్పుడున్న వచనాల అంకెలు 1551లో వచ్చాయి. సంఘాలకి ఉత్తరాలు రాసిన అపొస్తలుడు పౌలు ఒక్క వచనం కోసి ఎవరికీ పంపలేదు, పూర్తి ఉత్తరం పంపాడు. పరీక్ష హాల్ టికెట్ వెనక రాసుకునే ఫిలిప్పీయులకు 4:13, "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" కూడా జైల్లోంచి రాసిన మాటే. ఆకలిగా ఉన్నా, కడుపు నిండినా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానని అతను అంతకుముందే చెప్పుకున్నాడు. ఫస్ట్ క్లాస్ సంగతి అక్కడ లేదు.

అపోహ: "ఏడాదిలో బైబిల్ మొత్తం పూర్తిచేస్తేనే ఎదుగుదల."

1189 అధ్యాయాలు. రోజుకి మూడు, మూడున్నర చొప్పున ఏడాదిలో అయిపోతాయి. చదవగలిగితే మంచిదే. కానీ జనవరిలో ఆదికాండం ఉత్సాహంగా మొదలుపెట్టినవాళ్లలో చాలామంది నిర్గమకాండం 25 దాటి ప్రత్యక్ష గుడారం కొలతల్లోకి రాగానే తడబడతారు, లేవీయకాండంలో ఆగిపోతారు. ఆ తర్వాత "నాకు భక్తి లేదు" అన్న బాధ పట్టుకుంటుంది. భక్తి లేకపోవడం కాదు, మొదలుపెట్టిన చోటు కష్టమైనది. కొత్తవాళ్లు మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే. గట్టిగా చదివితే గంటన్నరలో అయిపోతుంది.

అపోహ: "బైబిల్ స్టడీ చదువుకున్నవాళ్ల పని. మాకు అక్షరం ముక్క రాదు."

ఈ మాట ఎక్కువగా పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల దగ్గర వింటాను. వాళ్లకి నేను చెప్పేది ఒకటే. పౌలు ఉత్తరాలు చేరిన సంఘాల్లో ఎక్కువమంది వాటిని విన్నవాళ్లే. కొలొస్సయులకు రాసిన ఉత్తరం చివర్లో దీన్ని సంఘంలో చదివించండి, తర్వాత లవొదికయ వాళ్ల దగ్గర కూడా చదివించండి అని ఉంది. ప్రకటన గ్రంథం మొదట్లోనే చదివేవాడితో పాటు వినేవాళ్లు కూడా ధన్యులని ఉంది.

మా కూటంలో చేసేది ఇది. చదవగలిగిన ఒకరు భాగాన్ని నిదానంగా రెండుసార్లు చదువుతారు. పుస్తకం మూసేస్తాం. చదువు రానివాళ్లలో ఒకరు దాన్ని తన మాటల్లో కథలా చెప్పాలి. మిగతావాళ్లు వింటూ, వదిలేసింది అందిస్తారు, లేనిది కలిపితే ఆపుతారు. ఆ తర్వాతే ప్రశ్నలు. ఇక్కడ దేవుడు ఎలాంటివాడని తెలిసింది? మనుషుల గురించి ఏం తెలిసింది? ఈ వారం నేను ఏం చేయాలి? మూడో ప్రశ్నకి "ప్రార్థన ఎక్కువ చేస్తాను" అనే జవాబు మేం తీసుకోం. పేరు, పని చెప్పాలి.

ఇలా చెప్పించడంలో ఒక లాభం ఉంది. చదువు రానివాళ్లకి జ్ఞాపకం గట్టిది, చూపు కూడా పదునైనది. మార్కు 4లో యేసు తుఫానుని ఆపిన భాగం చేసినప్పుడు వేటకి పోయే ఇంటి ఆవిడ ఒకరు, "ఆ ఎంబడి వచ్చిన మిగతా దోనెలు ఏటయ్యాయమ్మా?" అని అడిగింది. 36వ వచనంలో ఆ దోనెలు నిజంగానే ఉన్నాయి. నేను విన్న ప్రసంగాల్లో ఎవరూ వాటిని పట్టించుకోలేదు. గాలి ఆగితే అందరికీ ఆగినట్టే కదా అని ఆ సాయంత్రమంతా అదే మాట్లాడుకున్నాం.

అపోహ: "అయ్యగారి మాటకి ప్రశ్న వేయడం తిరుగుబాటు."

సంఘ కాపరికి గౌరవం ఇవ్వాలి, అందులో రెండో మాట లేదు. కానీ అపొస్తలుల కార్యములు 17:11 ఒకసారి చూడండి. పౌలు చెప్పింది నిజమో కాదో అని బెరయ అనే ఊరివాళ్లు ప్రతిరోజూ లేఖనాలు పరిశీలించారు. ఆ పుస్తకం రాసిన లూకా వాళ్లని ఘనులన్నాడు, తిరుగుబాటుదారులని అనలేదు. పౌలునే పరిశీలించగా లేనిది, మన ఊరి కన్వెన్షన్‌కి వచ్చిన ప్రసంగీకుణ్ణి పరిశీలిస్తే తప్పవుతుందా? ప్రశ్న అడిగితే శపించేవాళ్లు, కానుక ఇంత ఇస్తేనే దీవెన అని రేటు కట్టేవాళ్లు ఎవరైనా సరే, జాగ్రత్తగా ఉండాల్సిందే. ప్రశ్న మాత్రం మర్యాదగా, విడిగా అడగండి. పదిమందిలో నిలదీస్తే అది వాక్య పరిశీలన అవ్వదు, గొడవవుతుంది.

అపోహ: "తెల్లారి నాలుగింటికి లేచి చదవకపోతే లెక్కలోకి రాదు."

యేసు చీకటుండగానే లేచి ప్రార్థించిన మాట నిజమే. రాత్రి జాముల్లో ధ్యానించినట్టు 119వ కీర్తనలో కూడా ఉంది. మిల్లులో నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి నాలుగింటికి పడుకుంటాడు. అతనికి మధ్యాహ్నమే తెల్లవారుజాము. టెన్షన్ పడక్కర్లేదు.

అపోహ: "దేవుడికి దగ్గరైతే కష్టాలు రావు. వచ్చాయంటే ఏదో పాపం ఉంది."

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. చెట్లు పోయినవాళ్ల దగ్గరికి వచ్చి "మీలో ఏదో లోపం ఉంది, ఒప్పుకోండి" అన్నవాళ్లున్నారు. ఉద్దానం కిడ్నీ జబ్బు ఇళ్లలో కూడా ఇదే మాట.

లూకా 13లో యేసు దగ్గర కూడా దాదాపు ఇలాంటి మాటే వచ్చింది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువ పాపులని అనుకుంటున్నారా, కాదు అని ఆయనే చెప్పాడు. వెంటనే, వింటున్నవాళ్లనే మారుమనస్సు పొందమన్నాడు. అంటే పక్కవాడి తుఫాను చూసి మనం సరిచేసుకోవాల్సింది మన బతుకునే.

జబ్బు విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. విశ్వాసం పేరుతో డయాలసిస్ మానేయమని, మందులు ఆపేయమని ఎవరు చెప్పినా వినకండి. పౌలు తన తోటి సేవకుడు త్రోఫిమును జబ్బుగా ఉన్నాడని మిలేతులో విడిచి వచ్చాడు. లూకా వైద్యుడు. తిమోతి కడుపు నొప్పికి కూడా పౌలు ఇంటి వైద్యమే చెప్పాడు. డయాలసిస్‌కి కూర్చున్న నాలుగు గంటల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కీర్తనలు వినేవాళ్లు నాకు తెలుసు. మందు, వాక్యం రెండూ ఒకే కుర్చీలో సాగుతాయి.

ప్రార్థిస్తే ఏమీ అనిపించడం లేదు, దేవుడు దూరమైపోయాడు అనేవాళ్లు 88వ కీర్తన చదవండి. మిగతా ఏడుపు కీర్తనలు చాలావరకు చివర్లో స్తుతికి తిరుగుతాయి. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది. అలాంటి ప్రార్థన కూడా బైబిల్లో చోటు సంపాదించుకుంది. ఏమీ అనిపించనప్పుడు కూడా దేవుడితోనే మాట్లాడటం దూరమవడం ఎలా అవుతుంది?

అపోహ: "వాక్యాలు ఎన్ని కంఠస్థం వస్తే అంత మంచి శిష్యుడు."

బైబిల్ క్విజ్‌లో ప్రైజులు కొట్టే పిల్లలంటే నాకూ ముద్దే. కానీ యేసుని శోధించేటప్పుడు 91వ కీర్తన అప్పజెప్పినవాడు సాతాను. పన్నులు వసూలు చేసే జక్కయ్యకి ఎన్ని వాక్యాలు వచ్చో లూకా రాయలేదు. ఆస్తిలో సగం పేదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానని అన్నాడని మాత్రం రాశాడు. మా కూటంలో మూడో ప్రశ్నకి వచ్చిన జవాబుల్లో తోడికోడలితో మాట కలపడం, ఎప్పటి నుంచో సాగదీస్తున్న చేబదులు తీర్చేయడం, తమ్ముడి వాటా గట్టు సరిగ్గా కొలిపించడం ఉన్నాయి. వచ్చే వారం కూటం "అది చేశావా?" అన్న ప్రశ్నతోనే మొదలవుతుంది. చాలాసార్లు చేయలేదనే జవాబు వస్తుంది. అప్పుడు కొత్త భాగం జోలికి పోకుండా పాతదే మళ్లీ చదువుతాం.

అపోహ: "యూట్యూబ్‌లో ప్రసంగాలు వింటున్నాను కదా, కూటం ఎందుకు?"

వినండి. యూట్యూబ్ మాత్రం "అది చేశావా?" అని అడగదు. ఇక వెరావల్‌లో ఉండి కూటానికి రాలేనివాళ్లకి మేం చేసేది ఇది: బోటు ఎక్కకముందే మార్కు సువార్త ఆడియో ఫోన్‌లోకి దించుకోమంటాం. సముద్రంలో సిగ్నల్ ఉండదు కాబట్టి నెట్ మీద ఆధారపడకూడదు. బోటులో ఇంకొకరిని జత చేసుకుని అధ్యాయం చొప్పున వినమంటాం. ఒడ్డుకి వచ్చాక ఇంటికి ఫోన్ చేసినప్పుడు విన్న కథ పిల్లలకి చెప్పాలి, మూడో ప్రశ్నకి జవాబు భార్యకి చెప్పాలి.