ఫ్లెమింగో మెడ ఎందుకు వంచింది?

చిరంజీవులైన మనుమలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న కంప్యూటరులో ఆడుబాన్ అనే పక్షుల చిత్రకారుడు వేసిన ఫ్లెమింగో బొమ్మను చూసి, అది మెడ అంతగా కిందికి వంచి ఏం వెతుకుతోందని అడిగారు. ఏమీ వెతకడం లేదర్రా, కాగితం చాలలేదు! అమెరికా పక్షులను అసలు కొలతలోనే పుస్తకంగా అచ్చు వేయించాలని ఆయన పట్టుబట్టాడు. 39 అంగుళాల పైచిలుకు పొడవున్న కాగితంలో కూడా ఫ్లెమింగో నిటారుగా పట్టదు.

1827 నుంచి 1838 వరకు అలాంటి బొమ్మలు 435 అచ్చయ్యాయి. ఎలాగో తెలియాలంటే మన దేవుడి గదిలోని రాగి చెంబు తీయండి. దాని మీద మా నాయనమ్మ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. చింతపండుతో ఎంత తోమినా చెంబు మెరుస్తుంది గాని, ఆ చుక్కల్లో నలుపు మిగిలిపోతుంది. లండన్‌లో ఆ బొమ్మలను రేకుల మీద చెక్కి అచ్చు వేసిన రాబర్ట్ హావెల్ చేయించిందీ అదే. రాగి రేకు మీద ఈకల గీతలను గాళ్ళుగా దింపి, సిరా పూసి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి రోలర్ల మధ్య నొక్కితే, గాళ్ళలో దాగిన సిరా కాగితానికి అంటుకుంటుంది.

మూడో తరగతిలో నేను దీపం మసిని ఆముదంలో కలిపి ఆ చెంబుకే పూసి, తుడిచి, తడి నోటుపుస్తకం కాగితం అదిమాను. నాయనమ్మ పేరు తిరగబడి వచ్చింది. వీపు మీద ఆవిడ వేలిముద్రలు మాత్రం సరిగ్గానే పడ్డాయి. కనుక రేకు చెక్కేవాడు పక్షిని అద్దంలో చూసినట్టు తిప్పి చెక్కుకోవాలి.

చెంబైనా రేకైనా ఇచ్చేది నలుపే. ఫ్లెమింగో గులాబీ రంగు మనుషులు చేత్తో వేసినది. హావెల్ దగ్గర సుమారు 50 మంది, నమూనా ఎదురుగా పెట్టుకుని, ప్రతి కాగితానికీ విడివిడిగా నీటి రంగులు అద్దేవారు. అంతకుముందు ఎడింబరోలో లిజార్స్ అనే చెక్కేవాడు ఈ పని మొదలుపెట్టి పది రేకులు చెక్కేసరికి, రంగులు వేసేవాళ్ళు పని మానేశారు. దాంతో పని లండన్ చేరింది. అంత పెద్ద పుస్తకాన్ని ఆపగలిగినవారి పేర్లు మనలో ఎవరికీ తెలియకపోవడం నాకు బాగుండదు.

బొమ్మలోది అమెరికా జాతి. మన పులికాట్‌కు వచ్చేవి అంత ఎర్రగా ఉండవు, శీతాకాలంలో చూపిస్తాను. ఈలోగా ఆ బొమ్మను పెద్దది చేసి, మెడ అంచున గులాబీ రంగు ఎక్కడైనా గీత దాటిందేమో వెతికి నాకు రాయండి.

మీ తాతయ్య