యాభై ఏళ్ల కింద పడ్డ బాంబు ఇంకా పేలుతుందా? లావోస్ పొలాల నుంచి అపోహలు - వాస్తవాలు

లావోస్‌లోని షియాంగ్ ఖువాంగ్ రాష్ట్రంలో పేలని బాంబులు వెతికి తీసే బృందాలతో కొన్నేళ్లు పనిచేశాను. సెలవుకి ఇంటికొచ్చినప్పుడల్లా చుట్టాలతో జరిగే వాదన దాదాపు ఇదే.

అపోహ: ఇన్నేళ్లు మట్టిలో నానింది ఇంకేం పేలుతుంది?

వాస్తవం: 1964 నుంచి 1973 దాకా అమెరికా విమానాలు ఆ దేశం మీద 27 కోట్లకు పైగా చిన్న బాంబులు కుమ్మరించాయి. అక్కడివాళ్లు వీటిని ‘బాంబీ’ అంటారు. ఎక్కువగా దొరికే రకం టెన్నిస్ బంతంత ఉంటుంది. 8 కోట్ల దాకా పేలకుండా మిగిలాయని అంచనా. తుప్పు పైపెంకుని తింటుంది, లోపలి మందు అలాగే ఉంటుంది. పడేటప్పుడు గిరగిరా తిరగడంతోనే దాన్ని పేల్చే ఫ్యూజు సిద్ధమైపోతుంది. ఆపైన తుప్పు చేరితే ఏ కదలికకు పేలుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే మేమూ దాన్ని ఎత్తం. ఊళ్లో మైకులో చాటించి, దారులు ఆపి, ఉన్నచోటే పేల్చేస్తాం.

అపోహ: వాటిని నిషేధించేశారు కదా!

వాస్తవం: ఇలాంటి చిన్న బాంబులను గుత్తులుగా కుమ్మరించే క్లస్టర్ బాంబులను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2010 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. అమెరికా, రష్యా, చైనా చేరలేదు. మన దేశమూ చేరలేదు. 2025 మార్చిలో లిథువేనియా బయటికి పోయింది.

అపోహ: పల్లెజనం తెలియక ముట్టుకుంటారు, అవగాహన కల్పిస్తే చాలు.

వాస్తవం: నాకు ఒళ్లు మండే మాట ఇది. ఆ ఊళ్లలో పెద్ద బాంబు గుల్లలే కంచెకు గుంజలు, ఉల్లినారుకు తొట్లు. బాంబీ అంటే ఏమిటో వాళ్లకు మనం చెప్పాలా? కానీ వరి వేయాలంటే మడి తవ్వాలి. వెదురుకొమ్ములు కావాలంటే గునపం దింపాలి. జానెడు లోతున ఉన్నది కంటికి ఆనదు. బియ్యం నిండుకున్న ఇంటికి పాత ఇనుము కొనేవాడు వస్తే, ఆ రోజు లెక్క వేరుగా ఉంటుంది. మంట సంగతి మరీ దారుణం. అది ఎత్తు ప్రాంతం, డిసెంబరు, జనవరిలో చలి కొరికేస్తుంది. ఏళ్లుగా అందరూ తొక్కిన వాకిట్లోనే చలిమంట వేసుకుంటే, కింద మట్టిలో బాంబీ వేడెక్కి పేలుతుంది. ఇందులో తెలియనితనం ఎక్కడుంది? చిన్నపిల్లల విషయం వేరు, గుండ్రంగా కనిపిస్తే బంతే అనుకుంటారు. బళ్లలో చెప్పే పాఠాలు వాళ్లకు కావాల్సిందే.

అపోహ: డిటెక్టర్ పట్టుకుని నడిస్తే వారంలో ఊరు శుభ్రం.

వాస్తవం: డిటెక్టర్‌కి బాంబీ అయినా మేకు అయినా ఒకటే. కూసిన ప్రతిచోటా మోకాళ్ల మీద కూర్చుని, పక్కనుంచి మెల్లగా మట్టి గీకాలి. పొద్దంతా గీకి తుక్కు ముక్కలు తప్ప ఏమీ దొరకని రోజులే ఎక్కువ. అంతా అయ్యాక కూడా, సాగుభూమిని సాధారణంగా 25 సెంటీమీటర్ల లోతు దాకానే చూస్తాం. నాగలికి అది చాలు. అదే రైతు మరుసటేడు అక్కడ చేపల చెరువు తవ్వుతానంటే, మళ్లీ మమ్మల్ని పిలవాలి.