పులి ఫోటో వెనక పన్నెండు వేల ఆవులు: వన్యప్రాణి పరిశోధన కొలువులపై అపోహలు - వాస్తవాలు

సంక్రాంతికి ఇంటికి వెళ్లిన ప్రతిసారీ మా మేనత్త అడిగే ప్రశ్న ఒకటే: "రేంజరు ఎప్పుడవుతావురా?" నేను రేంజరును కాను, కాబోనని పదేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఆమె లెక్కలో అడవిలో తిరిగేవాడికి జీతమిచ్చేది ఫారెస్టు డిపార్ట్‌మెంటు ఒక్కటే. నల్లమల అంచున పుట్టిన నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేశాను. కొన్నాళ్లు ఒక ప్రాజెక్టులో కెమెరాలు మోశాను. తర్వాత అమెరికాలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వైల్డ్‌లైఫ్ ఎకాలజీలో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాత ఒప్పందం మీద చేసే పరిశోధన కొలువులో ఉన్నాను. దీనికి తెలుగులో ఒక్క మాట చెప్పమంటే నాకూ తట్టదు. ఈ దారిలోకి రావాలనుకునే విద్యార్థుల నుంచి నెలకు నాలుగైదు ఉత్తరాలు వస్తాయి. వాటిలో మా అత్త ప్రశ్న లాంటివే రకరకాల వేషాల్లో కనిపిస్తుంటాయి.

అపోహ: అడవిలో తిరగడానికి జీతమిస్తారు

మిగతా అపోహలన్నిటికీ తల్లి ఇదే.

పులి చారలు మన వేలిముద్రల్లాంటివి. ఒక పులికున్నట్టు ఇంకో పులికి ఉండవు. పైగా ఒకే పులికి కుడి పక్క ఉన్న చారలు ఎడమ పక్క ఉండవు. అందుకే దారికి అటొకటి ఇటొకటి, మోకాలి ఎత్తున రెండు కెమెరాలు కడతాం. ఎదురుగా కదిలే వేడిని పసిగట్టి కెమెరా క్లిక్‌మంటుంది. మే నెల మధ్యాహ్నం కాలిన బండ ముందు గడ్డిపోచ ఊగినా క్లిక్‌మంటుంది. ఆ గడ్డి పీకి, దారిని కాళ్లతో చదును చేసి, పులిలా మేమే నాలుగు కాళ్ల మీద నడిచి ఫోటో సరిగ్గా పడుతోందో లేదో చూసుకుంటాం. ఇక్కడి వరకు మీరు ఊహించుకున్నదే.

నా మొదటి వేసవిలో ఒక్క మెమరీ కార్డులో 12,000కు పైగా ఫోటోలు వచ్చాయి. పులి ఉన్నవి నాలుగు. మిగతావన్నీ ఊరి ఆవులు, ఊగే గడ్డి, ఒకచోట కెమెరాను నాకి రుచి చూసిన ఎలుగుబంటి నాలుక. ఒక్కొక్క ఫోటో తెరిచి, జంతువు పేరు, తేదీ, సమయం ఎక్కించడానికి వారాలు పట్టింది. ఖాళీ ఫోటోలను విడదీసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు వచ్చాయి కానీ ఆవును దుప్పి అనే రోజులు వాటికీ ఉంటాయి, సరిచూసేది మనిషే.

అంతా అయ్యాక అసలు పని మొదలవుతుంది. నాలుగు ఫోటోలు పడ్డాయి కాబట్టి నాలుగు పులులు అనలేం. ఎన్ని పులులు ఒకసారి పడ్డాయి, వాటిలో ఎన్ని మళ్లీ పడ్డాయి అన్న లెక్క నుంచి, అసలు పడనివి ఎన్ని ఉండవచ్చో అంచనా కట్టాలి. కర్ణాటకలోని నాగరహొళె అడవిలో ఈ పద్ధతిని పులులకు వర్తింపజేసి వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ 1995లో ప్రచురించిన పరిశోధన తర్వాత ప్రపంచమంతటా చారలున్న, మచ్చలున్న జంతువుల లెక్క మారిపోయింది. ఈ పనికి గణాంక శాస్త్రం, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష చేతికి రావాలి. ఏడాదిలో నేను అడవిలో గడిపింది మూడు నాలుగు నెలలు, మిగతాదంతా కుర్చీలోనే. నడుంనొప్పి అడవి ఇచ్చింది కాదు, ఆ కుర్చీ ఇచ్చిందే.

అపోహ: పులి మీదో ఏనుగు మీదో చేస్తేనే పరిశోధన

కలివి కోడి కడప జిల్లా లంకమల పొదల పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. రాత్రివేళ దాన్ని పట్టుకున్నది స్థానిక వేటగాడు ఐతన్న. ఆ పేరును మరవకూడదని నా పట్టుదల, ఎందుకంటే మా రంగంలో సగం జ్ఞానం పేరు రాయని ఫీల్డ్ అసిస్టెంట్లదే. నాకు ఎలుగు పాదానికీ ముళ్లపంది పాదానికీ తేడా నేర్పింది ఒక చెంచు పెద్దాయన. నా థీసిస్‌లో ఆయనకు దక్కింది కృతజ్ఞతల పేజీలో ఒక్క వాక్యం. అది నా తప్పే.

రాత్రిపూట తిరిగే, మనిషి అలికిడికి మాయమయ్యే ఈ పక్షిని ఎలా లెక్కించాలి? పరిశోధకులు పొదల మధ్య సన్నని మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లవారి వచ్చి దాని మీద పడిన కాలిముద్రలు చూశారు. కెమెరాలు పెట్టారు. రికార్డు చేసిన కూత వినిపించి బదులు వస్తుందేమోనని చెవులు రిక్కించారు. అలా తేలిన సంగతేమిటంటే, దానికి పొదలు మరీ దట్టంగానూ ఉండకూడదు, మరీ పలచగానూ ఉండకూడదు. పశువుల మేతను, కట్టెల నరుకుడును ఎంతవరకు అనుమతించాలనే నిర్ణయానికి ఇలాంటి సమాచారమే ఆధారం. పులి మీద వందలమంది పని చేస్తున్నారు. ఒక కప్ప మీదో నక్క మీదో మంచి ప్రశ్నతో వచ్చిన విద్యార్థికి తలుపు త్వరగా తెరుచుకోవడం నేను చాలాసార్లు చూశాను.

అసలు అడవే ఉండాలన్న నియమమూ లేదు. వన్యప్రాణి శాస్త్రవేత్త విద్యా ఆత్రేయ చిరుతల మీద చేసిన ప్రసిద్ధమైన పని మహారాష్ట్రలోని అకోలె దగ్గర చెరుకు తోటల్లో జరిగింది.

అపోహ: జువాలజీ చదివినవాళ్లకే

పైన చెప్పిన కారంత్ మొదట చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. తర్వాతే ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో వన్యప్రాణి శాస్త్రం చదివారు. కంప్యూటర్ సైన్స్ చేసిన పిల్లలు మా రంగంలో ఇప్పుడు బంగారం.

అపోహ: మార్కులుంటే యూనివర్సిటీ సీటిస్తుంది

కంప్యూటర్ ఎంఎస్‌కు అమెరికా వెళ్లే పద్ధతి మన ఇళ్లలో అందరికీ తెలుసు: కన్సల్టెన్సీ, ఎనిమిది దరఖాస్తులు, బ్యాంకు లోను, వీసా. అదే పద్ధతిలో వైల్డ్‌లైఫ్‌కు దరఖాస్తు చేసి, ఎనిమిది తిరస్కరణలు పోగేసుకుని నాకు రాసేవాళ్లు ఉన్నారు.

ఇక్కడ వరుస తిరగబడుతుంది. ముందు ప్రొఫెసర్, తర్వాత విశ్వవిద్యాలయం. ఒక ప్రొఫెసర్‌కు ఏదో ఒక ప్రశ్న మీద నిధులు వస్తాయి. ఆ పని చేయడానికి ఒక విద్యార్థి కావాలి. దానికి ఉద్యోగ ప్రకటన లాగే ప్రకటన వస్తుంది. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం నడిపే వన్యప్రాణి ఉద్యోగాల బోర్డు ఇందుకు పేరుపడ్డది. అందులో జంతువు, ప్రశ్న, స్టైపెండ్, మొదలయ్యే నెల అన్నీ రాసి ఉంటాయి. నడపడానికి డ్రైవింగ్ లైసెన్సు ఉండాలని, బరువు మోస్తూ కొండలెక్కగలగాలని కూడా రాస్తారు. నాకు కారు నడపడం రాదని ఇంటర్వ్యూలో చెప్పాల్సి వచ్చింది. ఆ పోస్టు నాకు రాలేదు. తర్వాతి రెండు నెలలూ మా ఊరి మైదానంలో మామయ్య అంబాసిడర్‌తో కుస్తీ పట్టాను. ప్రొఫెసర్ సరేనన్నాకే విశ్వవిద్యాలయానికి దరఖాస్తు. అది చాలాచోట్ల లాంఛనమే.

కాబట్టి ఆ మొదటి ఉత్తరమే కీలకం. నాకు వచ్చేవాటిలో ఎక్కువ ఇలా మొదలవుతాయి: "గౌరవనీయులైన సర్, చిన్నప్పటి నుంచి నాకు జంతువులంటే ప్రాణం. మీ ప్రయోగశాలలో ఏదైనా అవకాశం ఇప్పించగలరు." ఇందులో నా పేరు తీసేసి ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది. మొన్న ఒక అమ్మాయి రాసిన దాని సారాంశం ఇది: "మీ వ్యాసంలో దుప్పులు ఊరి దగ్గర రాత్రిళ్లే మేస్తాయని రాశారు. మా పొలం దగ్గర వేసవిలో పట్టపగలే వస్తున్నాయి. చెరువు ఎండిపోవడం వల్లనా? ఆరు వారాలు పొద్దున, సాయంత్రం లెక్కపెట్టాను, పట్టిక జతచేశాను." ఆ పట్టికలో తప్పులున్నాయి. అయినా అదే రోజు జవాబు రాశాను. నా దగ్గర నిధులు లేవు కానీ, నిధులున్న ఒకరికి ఆమె గురించి చెప్పాను.

అపోహ: ఈ చదువుకు ఆస్తులమ్ముకోవాలి

థీసిస్ రాసే ఎంఎస్‌కు, పీహెచ్‌డీకి అమెరికాలో అసిస్టెంట్‌షిప్ ఉంటే ఫీజు మాఫీ అవుతుంది, నెలనెలా స్టైపెండ్ వస్తుంది. బదులుగా వారానికి 20 గంటలు ప్రాజెక్టు పనో, డిగ్రీ విద్యార్థులకు ల్యాబు పాఠమో చెప్పాలి. థీసిస్ లేని, తరగతులు మాత్రమే ఉండే ఎంఎస్‌కు సాధారణంగా ఇవేవీ ఉండవు. సొంత డబ్బుతో ఆ దారి పట్టవద్దని నా గట్టి అభిప్రాయం. ఈ రంగంలో ఆ అప్పు తీర్చేంత జీతం మొదటి ఏళ్లలో రాదు. ఆఫర్ చేతికొచ్చాక అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? ఆరోగ్య బీమా ఎవరు కడతారు? ట్యూషన్ మాఫీ అయినా విడిగా మిగిలే ఫీజులెంత? మూడోది అడగక నేను మొదటి సెమిస్టరులో స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకున్నాను.

ఈ డబ్బు ఎక్కడిదో తెలిస్తే ప్రకటనల్లో తెల్లతోక జింకలు, టర్కీ కోళ్లు, బాతులే ఎందుకు కనిపిస్తాయో అర్థమవుతుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం అక్కడ వేట తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను వసూలు చేసి, రాష్ట్రాల వన్యప్రాణి విభాగాలకు పంచుతారు. విశ్వవిద్యాలయాల్లో జరిగే పరిశోధనకు అందులోంచి చాలా డబ్బు వస్తుంది. వేటగాళ్ల డబ్బుతో సంరక్షణ ఏమిటని నాకూ మొదట్లో మింగుడుపడలేదు. ఈ శాస్త్రాన్ని విశ్వవిద్యాలయంలో పాదుకొల్పిన ఆల్డో లియోపోల్డ్ కూడా వేటగాడే. 1933లో విస్కాన్సిన్‌లో ఆయన కోసం పెట్టిన ఆచార్య పదవి పేరే వేట జంతువుల నిర్వహణ. కొన్ని ఫెలోషిప్పులు మాత్రం అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకే. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వారి గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ అలాంటిదే. ప్రకటనలో ఆ వాక్యం ఉందేమో ముందే చూసుకుంటే శ్రమ తప్పుతుంది.

ఇక్కడే ఉండి చేయాలనుకుంటే దారులు తక్కువేమీ కాదు. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఉంది. బెంగళూరు నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ (ఎన్‌సీబీఎస్)లో వన్యప్రాణి జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ ఉంది, ప్రవేశాలు రెండేళ్లకోసారే కాబట్టి ఏడాది తప్పితే ఆగాలి. అక్కడే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్సీ)లో సెంటర్ ఫర్ ఎకలాజికల్ సైన్సెస్ ఉంది. హైదరాబాదు అత్తాపూర్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వారి ల్యాకోన్స్ అనే వన్యప్రాణుల ప్రయోగశాల ఉంది. మలంలోని డీఎన్‌ఏతో జంతువును గుర్తుపట్టే విద్య మీద మనసుంటే హైదరాబాదు కూడా దాటక్కర్లేదు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు రూ. 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రూ. 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. అయితే ఆ డబ్బు నెలనెలా ఒకటో తారీఖున పడుతుందనుకుంటే అది ఇంకో అపోహ. ఒక ప్రాజెక్టులో నాకు ఐదు నెలల ఫెలోషిప్ ఒకేసారి వచ్చింది, ఆ ఐదు నెలలూ మెస్ ఓనరు దయ.

అపోహ: ఆడపిల్లలకు కుదరదు

కుదురుతుంది. మా బ్యాచిలో సగానికి పైగా వాళ్లే. ఎవరైనా సరే, చేరేముందు ఆ గైడ్ (పరిశోధన చేయించే ప్రొఫెసర్) దగ్గర పాత విద్యార్థులతో విడిగా మాట్లాడాలి. క్యాంపులో మరుగుదొడ్డి ఉందా, జ్వరమొస్తే జీపు ఎంతసేపట్లో వస్తుంది, ఫిర్యాదు చేయాల్సి వస్తే ఎవరికి చేయాలి అని అడగాలి. గైడ్ ప్రచురణల జాబితా కన్నా ఈ జవాబులే ఎక్కువ చెబుతాయి.

అపోహ: గైడ్ దొరికితే అడవి దొరికినట్టే

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి పరిశోధన కోసం అడుగుపెట్టాలన్నా అనుమతి కావాలి. దాన్నిచ్చే అధికారం రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది. చట్టం అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లోని జంతువును పట్టుకోవాలన్నా, దాని జాడ తెలిపే రేడియో కాలర్ మెడకు కట్టాలన్నా కేంద్రం అనుమతి కూడా తప్పదు. నీటి గుంటల దగ్గర జంతువుల రాకపోకలు చూడటం నా మొదటి ప్రణాళిక. ఫిబ్రవరిలో అడిగిన అనుమతి జూలైలో వచ్చింది. అప్పటికి వానలు పడి అడవంతా నీళ్లే. ప్రశ్న మార్చుకున్నాను. అందుకే పీహెచ్‌డీ ప్రణాళికలో అనుమతి రాకపోతే ఏం చేయాలో రెండో దారి రాసిపెట్టుకోమంటాను. ఇప్పటికే అనుమతులున్న ప్రాజెక్టులో చేరగలిగితే ఇంకా మేలు.

అపోహ: పీహెచ్‌డీ అయితే పోస్ట్‌డాక్, పోస్ట్‌డాక్ అయితే ప్రొఫెసర్

పోస్ట్‌డాక్ అనేది చదువు కాదు, కాలపరిమితి ఉన్న ఉద్యోగం. ఏడాదో రెండేళ్లో ఉంటుంది, నిధులుంటే పొడిగిస్తారు. ఇక్కడ మిమ్మల్ని తీసుకునేది మీకు ఏ జంతువు తెలుసు అని కాదు, ఏ పని చేతనవును అని. పదేళ్ల కెమెరా ఫోటోల నుంచి జనాభా మోడల్ కట్టగలరా, కాలర్ల సమాచారం నుంచి జంతువు కదలికను విశ్లేషించగలరా అని చూస్తారు. పులుల మీద పీహెచ్‌డీ చేసిన నేను ఇప్పుడు పని చేస్తున్నది బాతుల లెక్కల మీద. మన దేశంలో దీనికి దగ్గరి కొలువు రీసెర్చ్ అసోసియేట్. స్థాయిని బట్టి నెలకు రూ. 58,000 నుంచి రూ. 67,000 వరకు ఇస్తారు. ప్రొఫెసర్ పోస్టులు మాత్రం అభ్యర్థుల కన్నా చాలా తక్కువ. నాతో చదివినవాళ్లలో కొందరు స్వచ్ఛంద సంస్థల్లో, కొందరు ప్రభుత్వ విభాగాల్లో, ఒకరు డేటా కంపెనీలో ఉన్నారు. ఆ చివరి మిత్రుడు సెలవులకు పక్షుల్ని చూడటానికి వెళతాడు. మా అందరికన్నా ఎక్కువ పక్షుల్ని చూసింది అతనే.

నా ప్రస్తుత ఒప్పందం వచ్చే జూన్‌తో ముగుస్తుంది. ఇది రాస్తూ మధ్యలో లేచి రెండు దరఖాస్తులు పంపాను. ఒకటి కొంగల మీద, ఇంకోటి రేచుకుక్కల మీద. ఈ సంక్రాంతికి మా అత్తకు ఏం చెప్పాలో ఇంకా తేలలేదు.