పక్క వీధే, పోవాలంటే మెయిన్ రోడ్డే

బెంగళూరులో మున్నెకొళాల, పనత్తూరు, కసవనహళ్లి వైపు ఇల్లు వెతుక్కునే మనవాళ్లు అద్దె ఎంత, నీళ్లు ట్యాంకరా బోరా అని అడుగుతారు. వీధి అవతలి చివర ఎక్కడైనా కలుస్తుందా అని మాత్రం అడగరు. రోజూ పడే ట్రాఫిక్ టెన్షన్‌కి మూలం చాలావరకు అక్కడే ఉంది.

పాత బెంగళూరు ఇలా ఉండేది కాదు. 1537లో కెంపేగౌడ కట్టించిన పేటలో దొడ్డపేట (ఇప్పటి అవెన్యూ రోడ్డు), చిక్కపేట వీధులు ఒకదాన్నొకటి దాటేవి. సందులు ఇరుకే గానీ ఎటు దూరినా ఎక్కడో ఓ చోట తేలతాం. 1898 ప్లేగు తర్వాత ఆ ఇరుకు తగ్గించడానికి బసవనగుడి, మల్లేశ్వరం వేశారు. నిలువునా మెయిన్‌లు, అడ్డంగా క్రాస్‌లు. మల్లేశ్వరంలో సంపిగె రోడ్డు జామైతే పక్క మెయిన్ పట్టుకుని పోవచ్చు. 1948లో మొదలైన జయనగర్‌దీ, తర్వాత బీడీఏ (బెంగళూరు అభివృద్ధి సంస్థ) వేసిన హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌దీ ఇంచుమించు ఇదే పద్ధతి. కారణం ఒక్కటే: భూమంతా ఒకేసారి సేకరించి, ముందు రోడ్లు గీసి, తర్వాత సైట్లు పంచారు.

ఐటీ వచ్చాక నగరానికి తూర్పున అంత ఓపిక ఎవరికీ లేకపోయింది. రైతు తన సర్వే నంబరులో రెండెకరాలు అమ్ముతాడు. కొన్నవాడు ఊరి బండిదారి నుంచి లోపలికి ఒక రోడ్డు లాగి, అటూ ఇటూ సైట్లు కోసి అమ్ముకుంటాడు. పొలం గట్టు రాగానే రోడ్డు ఆగిపోతుంది. పక్క పొలం ఇంకెప్పుడో ఇంకొకరు కొంటారు, ఆ రోడ్డూ అదే గట్టుకి అవతలి నుంచి వచ్చి ఆగుతుంది. మధ్యలో గోడ. రెండూ కలపాలంటే చెరో సైటు వదులుకోవాలి. చదరపు అడుగు లెక్కన అమ్ముకునేవాడు వదులుతాడా? అలా బండిదారే మెయిన్ రోడ్డయింది, వీధులన్నీ దానిమీదే వచ్చి పడ్డాయి.

తప్పంతా లేఅవుట్లు వేసినవాళ్లదే అనలేం. చెరువులు, రాజకాలువలు (వాన నీళ్లు పోయే పెద్ద కాలువలు), విమానాల కంపెనీ హెచ్ఏఎల్, మిలిటరీ భూములు, రైలు కట్ట కూడా అడ్డమే. వాటిని దాటే చోట్లు కొన్నే కాబట్టి పనత్తూరు రైల్వే అండర్‌పాస్ లాంటి చోట అందరూ ఇరుక్కుంటారు.

2007లో పాత నగర పాలికెతో ఏడు నగరసభలు, కెంగేరి పురసభ, 110 గ్రామాలు కలిసి బీబీఎంపీ (బృహత్ బెంగళూరు మహానగర పాలికె) అయ్యేసరికి చాలాచోట్ల ఈ వీధుల గీతలు గీసేసి ఉన్నాయి. ఇల్లు లేచాక రోడ్డు జరపడం ఎవరి తరమూ కాదు. ఇప్పుడు గోడ తీసి దారి ఇవ్వమంటే ముందు అడ్డుపడేది కాలనీ సంఘాలే, బయటి బళ్లు మా వీధిలోకెందుకని. మెయిన్ రోడ్డు జామ్ మీద అర్జీలు పెట్టేదీ వాళ్లే.