పట్టీ బిగించి వ్యాయామం: రక్తనాళాల మీద నేను రోజూ వినే అపోహలు

మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకు తొడ మొదట్లో, కాలికి రక్తప్రవాహం కొంత తగ్గేలా గాలి పట్టీ బిగించి, తేలికపాటి బరువుతో కాలు చాపించడం ఫిజియోథెరపిస్టుగా నా రోజువారీ పని.

అపోహ: "నరాలు ఎలా తేలాయో చూడండి, రక్తనాళాలన్నీ తెరుచుకున్నాయి!"

వాస్తవం: అవి నరాలు కావు, సిరలు. (ఆ మాట మారేలా లేదు, పోనివ్వండి.) పట్టీ ఒత్తిడికి పలుచని సిరలే ముందు అణిగిపోతాయి. ధమని కొంత తెరిచే ఉంటుంది. లోపలికొచ్చిన రక్తం తిరిగి వెళ్లే దారిలేక చర్మం కింద ఉబ్బుతుంది, అంతే. అసలు వ్యాకోచం కండరం లోతున, కంటికి కనపడని చిన్న ధమనుల్లో జరుగుతుంది. పనిచేస్తున్న కండరం నుంచి వెలువడే పొటాషియం, అడినోసిన్ లాంటివి ఆ నాళాల గోడలను సడలిస్తాయి. విశ్రాంతిలో 100 గ్రాముల కండరానికి నిమిషానికి 3-4 మిల్లీలీటర్ల రక్తం చాలు. గట్టిగా పనిచేస్తే అది 20 రెట్లు కూడా పెరుగుతుంది. నాళం వ్యాసం 20 శాతం పెరిగినా చాలు, ప్రవాహం దాదాపు రెట్టింపవుతుంది.

అపోహ: "నాళాలను తెరిచేది పట్టీయే. కట్టుకుని కూర్చున్నా చాలు."

వాస్తవం: పట్టీ తొడ పైభాగంలో రక్తానికి అడ్డుపడుతుంది. కింద కండరం పనిచేస్తుంటే ఆ రసాయనాలు పేరుకుని నాళాలు సడలి ఎదురుచూస్తుంటాయి. గాలి వదలగానే రక్తం ఒక్కసారిగా ఉరుకుతుంది. అప్పుడు చెయ్యి వేసి చూడండి, కాలు వెచ్చగా, ఎర్రగా ఉంటుంది. ఆ ఉరుకు నాళం లోపలి పొరను రాసుకుంటూ పోతే పొర నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తుంది, నాళం ఇంకా వెడల్పవుతుంది. శరీరంలో ఈ వాయువు చేసే పనిని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. పని లేకుండా పట్టీ బిగించుకుని కూర్చుంటే ధమనిలో రక్తం ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆ ఊగిసలాట లోపలి పొరకు మేలు చేయదు సరికదా, కాసేపు దాని పనితీరును తగ్గిస్తుంది.

అపోహ: "ఎంత బిగిస్తే అంత లాభం."

వాస్తవం: ఒకబ్బాయి ఇంట్లో సాగే బెల్టు చుట్టుకుని, పాదం పాలిపోయి తిమ్మిరెక్కాక పరుగున వచ్చాడు. మేమైతే రక్తప్రవాహాన్ని పసిగట్టే డాప్లర్ పరికరంతో ధమని పూర్తిగా మూసుకునే ఒత్తిడి ఎంతో చూసి, అందులో 40-80 శాతమే పెడతాం. పట్టీ వెడల్పైతే ఇంకా తక్కువ ఒత్తిడి చాలు. బరువు కూడా ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠంలో 20-30 శాతమే. కాలి సిరల్లో గడ్డకట్టిన చరిత్ర, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకు, గర్భిణులకు నేను పట్టీ కట్టను.

అపోహ: "నడిస్తే పిక్క పట్టేస్తోంది, రక్తం సరిగా అందట్లేదన్నారు. నడక మానేశా."

వాస్తవం: ఇక్కడ పట్టీ బదులు ధమనిలో పేరుకున్న కొవ్వు అడ్డుపడుతోంది. డాక్టరు సరేనంటే నడకే మందు: నొప్పి బాగా వచ్చేదాకా నడవడం, ఆగడం, తగ్గాక మళ్లీ నడవడం. వారానికి 3 రోజులు, కనీసం 12 వారాలు.