జిప్ ఫైల్ పాడైతే లోపలివన్నీ పోయినట్టేనా? (అపోహలు - వాస్తవాలు)

"జిప్ ఓపెన్ కాలేదండి, అందుకే పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి చూశాం." డేటా రికవరీ పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువ చిరాకు తెప్పించే మాట ఇదే. ఎవరు చెప్పారండీ అంటే బావమరిదో, ఏదో వీడియోనో. దెబ్బతిన్న ఫైల్ నుంచి చాలావరకు తీయొచ్చు. ఫార్మాట్ చేసి, ఆ పైన సినిమాలు కూడా కాపీ చేశాక మేం చేసేది పెద్దగా ఉండదు.

అపోహ: ఎర్రర్ వచ్చిందంటే మొత్తం పోయినట్టే.

అస్సలు కాదు. జిప్ అంటే చాలా ఫైళ్లని కుదించి ఒకే ఫైల్‌గా కట్టిన మూట. అందులో ప్రతి ఫైలూ విడివిడిగా కంప్రెస్ అవుతుంది. ఒక్కోదాని ముందు దాని పేరుతో చిన్న హెడర్ ఉంటుంది. ఇవన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పే జాబితా, అంటే సెంట్రల్ డైరెక్టరీ, చిట్టచివర ఉంటుంది. విండోస్ ముందు ఆ జాబితా కోసమే చూస్తుంది. డౌన్‌లోడ్ మధ్యలో ఆగినా, కాపీ అవుతుండగా పెన్‌డ్రైవ్ లాగేసినా మొదట పోయేది ఆ చివరి ముక్కే. జాబితా దొరక్కపోయేసరికి విండోస్ 'ఇన్‌వాలిడ్' అనేసి ఊరుకుంటుంది. పెళ్లిలో చదివింపుల పుస్తకం కనపడకుండా పోయిందనుకోండి, కవర్లు సంచిలోనే ఉన్నాయి, ప్రతి కవరు మీదా ఇచ్చినవాళ్ల పేరుంది. పుస్తకం లేదని సంచి పారేస్తామా?

పెళ్లంటే గుర్తొచ్చింది. ఖమ్మం వైపు నుంచి ఒకావిడ కూతురి పెళ్లి ఫొటోల జిప్ తెచ్చారు. ఫొటోగ్రాఫర్ దగ్గర కాపీ లేదు, ఆవిడకి వారం నుంచీ నిద్ర లేదు. ఫైల్‌లోని బైట్లని ఉన్నదున్నట్టు చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూపించాను. మొదట్లోనే 'పీకే' అనే రెండక్షరాలు, జిప్ ఫార్మాట్ తయారుచేసిన ఫిల్ కట్జ్ పేరులోవి. వాటి వెనకే 03, 04 బైట్లు. ఆ నాలుగూ కలిసి కనిపించిన చోట ఒక ఫైల్ మొదలైనట్టు. కిందికి జరుపుతుంటే పీకే, ఫొటో పేరు, మళ్లీ పీకే, ఇంకో పేరు. "ఇవన్నీ మా అమ్మాయివేనా?" అన్నారు. "మీవేనమ్మా, టెన్షన్ పడకండి" అన్నాను. తలంబ్రాల దాకా అన్నీ వచ్చాయి. తెగిన చోట ఉన్న ఫొటోలో పైసగం బొమ్మ, కిందంతా బూడిద రంగు. అప్పగింతలవి రాలేదు, అసలు ఆ ఫైల్‌లోకి అవి చేరనే లేదు.

కాబట్టి ముందు ఆ ఫైల్‌ని ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఏ ప్రయోగమైనా కాపీ మీదే. కాపీ అవుతుండగా డ్రైవ్ ఆగి ఆగి చదువుతుంటే అక్కడితో ఆపేయండి, అది ఫైల్ సమస్య కాదు, డ్రైవ్ సమస్య. తర్వాత సైజు చూడండి. పంపినవాళ్ల దగ్గరున్న దానికంటే తక్కువుంటే మళ్లీ డౌన్‌లోడ్ చేస్తే సరిపోవచ్చు, నా దగ్గరికి రానక్కర్లేదు. అదీ కుదరకపోతే జిప్‌లు విప్పే ఉచిత సాఫ్ట్‌వేర్ సెవెన్ జిప్‌లో తెరవండి. చివరి జాబితా లేకపోయినా అది హెడర్లు చదువుకుంటూ వెళ్తుంది. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ విన్‌రార్‌లో అయితే ఎక్స్‌ట్రాక్ట్ చేసేటప్పుడు 'కీప్ బ్రోకెన్ ఫైల్స్' టిక్ పెట్టండి. లేకపోతే సగం వచ్చిన ఫైల్‌ని అదే డిలీట్ చేసేస్తుంది.

ఒక మినహాయింపు ఉంది. ఇలాంటి మూటల్ని ఆర్కైవ్‌లంటారు. వాటిలో సాలిడ్ ఆర్కైవ్ అనే రకంలో ఫైళ్లన్నీ ఒకే ధారగా కంప్రెస్ అవుతాయి. మధ్యలో దెబ్బ తగిలితే అక్కణ్నుంచి ఆ తర్వాతవన్నీ అనుమానమే. విన్‌రార్ సొంత ఫార్మాట్ రార్‌లో మనం అడిగితేనే సాలిడ్. సెవెన్ జిప్ సొంత ఫార్మాట్ సెవెన్ జెడ్‌లో మామూలుగానే అంతే, పైగా దాని జాబితా కూడా చివరే ఉంటుంది. అందుకే చివర తెగిన సెవెన్ జెడ్ అంటే నాకూ భయమే.

అపోహ: రిపేర్ టూల్ పోయిన డేటాని తెస్తుంది.

లేని బైట్లు ఎక్కణ్నుంచి తెస్తుంది? అది జాబితాని మళ్లీ కడుతుంది, అంతే. సైజు సరిగ్గా ఉండి లోపలంతా సున్నాలే ఉన్న ఫైళ్లు కూడా వస్తుంటాయి. కొన్ని వందల రూపాయలకి 2 టీబీ అని అమ్మే నకిలీ పెన్‌డ్రైవ్‌లలో ఇది మామూలే. అసలు సామర్థ్యం దాటాక రాసినదేదీ అందులో నిలవదు. ఆ ఫైల్‌కి ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా డబ్బు దండగ. నిజంగా బైట్లు తిరిగి తెచ్చేది రార్‌లోని రికవరీ రికార్డ్ లాంటి అదనపు డేటానే, కానీ అది ఆర్కైవ్ చేసేటప్పుడే పెట్టుకోవాలి. అందులో కూడా పెట్టిన శాతం మేరకే బాగవుతుంది.

మిగతావి గబగబా. ఎక్స్‌టెన్షన్ మారిస్తే ఫైల్ బాగుపడదు. సీఆర్‌సీ ఎర్రర్ (ఫైల్‌ని సరిచూసే లెక్క తప్పిందని చెప్పేది) వస్తే తప్పు ఫైల్‌దే కానక్కర్లేదు, ర్యామ్ పాడైనా వస్తుంది, ఇంకో కంప్యూటర్లో చూడండి. పాత రార్ ఫైళ్లలో పాస్‌వర్డ్ తప్పు కొట్టినా, ఫైల్ పాడైనా ఒకటే మెసేజ్ వస్తుంది, పాస్‌వర్డ్ ఇంకోసారి సరిచూసుకోండి. ఆన్‌లైన్ రిపేర్ సైట్లలో ఆధార్, బ్యాంకు కాగితాలున్న జిప్ అప్‌లోడ్ చేయకండి బాబూ.

వర్డ్, ఎక్సెల్ కొత్త ఫార్మాట్ ఫైళ్లూ లోపల జిప్‌లే. ఓపెన్ కాని డాక్యుమెంట్‌ని సెవెన్ జిప్‌తో తెరిస్తే 'వర్డ్' అనే ఫోల్డర్‌లో డాక్యుమెంట్ డాట్ ఎక్స్‌ఎంఎల్ ఉంటుంది. మీరు రాసిన మాటలు అందులోనే ఉంటాయి. ఫార్మాటింగ్ పోయినా ప్రాజెక్ట్ రిపోర్ట్ మళ్లీ మొదట్నుంచీ టైప్ చేసే బాధ తప్పుతుంది.